జ్ఞానప్రసూన కొట్టిన నలభై వరుసలు

జ్ఞానప్రసూన రాయ్‌పూర్ దగ్గరి ఉక్కు కర్మాగారం ఊళ్లో, క్యాంప్ 2 అనే పేటలో పదహారేళ్ల పాటు టైపు నేర్పింది. ఇంగ్లిషు మిషన్లు రెండు, హిందీది ఒకటి. కంప్యూటర్లొచ్చి టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక, నలభై రెండేళ్ల వయసులో మిషన్లకు గుడ్డ కప్పేసి, ఇంటర్ చదివే ఆడపిల్లల పక్కన కూర్చుని తానే కంప్యూటర్ నేర్చుకుంది. ఒకప్పుడు ఆమె దగ్గర టైపు నేర్చుకున్న రాజాబాబు 1999లో పవర్ హౌస్ మార్కెట్లో ఇంటర్నెట్ సెంటర్ తెరిచి, "దీదీ, మీరొచ్చి సూసుకుంటే నాకు టెన్షనే ఉండదు" అని ఆమెను పిలిచాడు.

సెంటర్లో ఆరు కంప్యూటర్లు, ఒకటే ఫోన్ లైను. మూలనున్న ఏడో కంప్యూటరు మాత్రం విండోస్ కాకుండా లినక్స్ మీద నడిచేది. ఆరింటినీ ఆ ఒక్క లైను మీద బయటికి పంపడం, బయట నుంచి ముక్కూమొహం తెలియనివాళ్లు లోపలికి దూరకుండా ఆపడం దాని పని. ఆ కాపలానే ఫైర్‌వాల్ అంటారు. ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో ఆజ్ఞలన్నీ వరుసగా ఒక ఫైల్లో రాసి ఉంటాయి. దాన్ని స్క్రిప్టు అంటారు. రాయ్‌పూర్ ఇంజనీరు ఒకాయన ఆ స్క్రిప్టును ఫ్లాపీలోనూ, అచ్చు తీసిన కాగితం మీదా ఇచ్చి, "మీ నంబర్లు మార్చుకుని ఎక్కించండి" అని చెప్పి పెళ్లికని ఊరెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే జ్ఞానప్రసూన ఆ ఫైలును పక్కనున్న విండోస్ కంప్యూటర్లో నోట్‌ప్యాడ్‌తో తెరిచింది. నలభై వరుసలూ ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్యమధ్య నల్లటి చిన్న డబ్బాలతో కనిపించాయి. ఆ చిందరవందర ఆమె కంటికి నచ్చలేదు. ఒక్కో డబ్బా చెరిపేసి, ఎంటర్ కొట్టి, వరుసలన్నీ విడదీసి ముచ్చటగా తీర్చింది. నంబర్లు మార్చి, లినక్స్ కంప్యూటర్లోకి ఎక్కించి నడిపింది.

తెర నిండా తప్పులే. 'కమాండ్ నాట్ ఫౌండ్' అని ఒకటే గొడవ. ఒక్క కంప్యూటర్లోనూ ఇంటర్నెట్ రాలేదు.

"ఏటి గడబడ్ అయ్యింది దీదీ?" అన్నాడు రాజాబాబు. అప్పటికే నర్సు నీలిమ వచ్చి కూర్చుంది. రాయ్‌పూర్‌లో ఇంటర్వ్యూ ఎప్పుడో మెయిల్లో తెలుస్తుందని మూడు రోజులుగా తిరుగుతోంది.

"ఉండు, సూడనీ," అంది జ్ఞానప్రసూన. కాగితాన్నీ తెరనూ అక్షరం అక్షరం పోల్చింది. నంబర్లు తప్ప తేడా ఏమీ లేదు. ఈ వయసులో ఇది నాకెందుకు, ఆ ఇంజనీరు వచ్చేదాకా ఆగుంటే పోయేది కదా అనిపించింది.

మళ్లీ ఆ తప్పుల వంక చూసింది. తప్పు చెప్పే ముందు కంప్యూటరు ఫైలు పేరూ, వరుస నంబరూ చెబుతుందని క్లాసులో నేర్చుకుంది. ఇక్కడవి లేవు. వాటి చోటే మిగతా మాటలు వచ్చి కూర్చున్నాయి. ఇలాంటిది ఆమె వందసార్లు చూసింది. కొత్తగా నేర్చుకునే పిల్లలు కాగితాన్ని పైకి జరపకుండా, దాన్ని మోసే క్యారేజీని మాత్రం వెనక్కి తోసేవారు. కొట్టిన అక్షరాల మీదే మళ్లీ అక్షరాలు పడేవి.

"క్యారేజీ ఎనక్కొచ్చేస్తంది, రాజాబాబూ!"

"కంప్యూటర్లో క్యారేజీ ఏటి దీదీ?"

ఆమె సంచీలోంచి తన లినక్స్ పుస్తకం తీసింది. కంటికి కనపడని గుర్తులను చూపించే కమాండు ఒకటి పుస్తకంలో వెతికి పట్టుకుంది. అది కొట్టగానే ప్రతి వరుస చివరా టోపీ లాంటి గీత, పక్కన ఎమ్ అక్షరం. పుస్తకంలో దాని పేరు చూసి ఆమెకు నవ్వాగలేదు. 'క్యారేజ్ రిటర్న్' అట. ఎంటర్ కొడితే విండోస్ ఆ గుర్తును కూడా పెడుతుంది. లినక్స్‌కు అది అక్కర్లేదు, పెడితే దాన్నీ ఆజ్ఞలో భాగమే అనుకుంటుంది.

"ఇంజనీరు తప్పేటీ లేదు. నీటుగా ఉండాలని నేనే పాడుసేసాను," అంది.

ఈసారి లినక్స్ కంప్యూటర్ ముందే కూర్చుంది. కాగితం పక్కన పెట్టుకుని, కీబోర్డు వంక చూడకుండా నలభై వరుసలూ పది నిమిషాల్లో కొట్టేసింది. రాజాబాబు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. నడిపితే ఒకే ఒక్క తప్పు వచ్చింది. ఒక నంబరు తెలియదంటోంది. ఎంత చూసినా నంబరు సరిగ్గానే ఉంది. చివరికి తన వేళ్ల వంక చూసుకుంది. ఆమె పాత మిషన్ మీద ఒకటి అంకె మీటే లేదు. చిన్న ఎల్ అక్షరాన్నే ఒకటిగా కొట్టేవాళ్లు. తొందరలో వేలు అలవాటు చొప్పున అక్కడికే పోయింది.

ఎల్ తీసి ఒకటి పెట్టింది. స్క్రిప్టు చప్పుడు లేకుండా నడిచింది. కాసేపటికి నీలిమ కుర్చీలోంచి లేచి, "బుధవారమట ఆంటీ! పొద్దున పదికి!" అని అరిచింది.

"మరింకేటి, బట్టలు ఇస్త్రీ సేసుకో," అంది జ్ఞానప్రసూన. మధ్యాహ్నం డబ్బాలోని వంకాయకూర అన్నం ఆమెకు ఎన్నడూ లేనంత రుచిగా అనిపించింది.

నాలుగో రోజు ఇంజనీరు తిరిగొచ్చి, కథంతా విని, తలుపు దగ్గర నిలబడే పగలబడి నవ్వాడు. పక్కూరు జాముల్‌లో కొత్త సెంటర్ ఒకటి తెరుస్తున్నారట. "అక్కడ కూడా మీరే ఎక్కించాలి మేడమ్," అన్నాడు హిందీలో.

గురువారం ఆమె చేతిసంచీలో పుస్తకం పెట్టుకుని, పవర్ హౌస్ మార్కెట్ దగ్గర జాముల్ ఆటో ఎక్కి ఓ పక్కగా కూర్చుంది.