హోబర్ట్ చెప్పిన సాక్ష్యం

మీ తాత లెస్టర్ గురించి వందసార్లు అడిగారు గానీ, నా మొదటి మొగుడు హోబర్ట్ గురించి ఒక్కరైనా అడిగారా? అతనే లేకపోతే మీరెవరూ పుట్టేవాళ్ళు కాదు, మొద్దుల్లారా!

మన కెంటకీ కొండల్లోనే పొగాకు పండించేవాడు. చెడ్డవాడు కాదు. తాగితే మాత్రం ఇంట్లో కుర్చీలన్నీ విరిచేవాడు. విడాకులకు నేనే కౌంటీ కోర్టులో అర్జీ పెట్టాను. అతను వద్దు వద్దంటున్నా జడ్జి మంజూరు చేశాడు. ఆ తర్వాత ఆరేళ్ళు నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు.

మీ తాతను చేసుకుందామని పెళ్ళి లైసెన్సు కోసం కోర్టుకి వెళ్తే, కోర్టు గుమాస్తా ఓపల్ విడాకుల కాగితం చూపించమంది. నా దగ్గరున్నది ఎక్కడో పోయింది. కోర్టులో రికార్డులేమో అంతకుముందు ఏడాది అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. జడ్జీ, వకీలూ ఇద్దరూ చనిపోయారు.

"ఆ రోజు కోర్టులో ఉన్నవాళ్ళెవరైనా వచ్చి ప్రమాణం చెయ్యాలి తల్లీ," అంది ఓపల్.

మిగిలింది హోబర్ట్ ఒక్కడే. అతను కాదంటే నేనింకా అతని పెళ్ళాన్నే.

సిగ్గు చంపుకుని వెళ్ళి అడిగాను.

"ఆ లెస్టర్ గాడి కోసమా?" అని తలుపు వేసేసుకున్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే, చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని కోర్టు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"తేదీ గుర్తుందా?" అని ఓపల్ అడిగింది.

"ఏప్రిల్ పంతొమ్మిది, మంగళవారం. పెళ్ళాం పోయిన రోజు గుర్తుండదా?" అంటూ బైబిలు మీద చెయ్యి పెట్టాడు.

బయటికొచ్చాక, "వాడికీ బిస్కట్లు మాడ్చే పెట్టు డెల్ఫా, నాకు పెట్టినట్టే," అన్నాడు. నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

హోబర్ట్ యాభై ఎనిమిదో ఏట పోయాడు.