ఎర్ర కారు చూడటానికి వెళ్లిన రోజు

మా చిన్నప్పుడు... బచేలీ ఇనుప గని క్వార్టర్స్ నుంచి పొద్దున్నే బస్సెక్కి, నాన్నా నేనూ జగదల్‌పూర్ అవతల ఒక షెడ్డుకి వెళ్లాం. పాత స్పోర్ట్స్ కారు చూడటానికి! రెండే తలుపులు, రెండే సీట్లు, టాపు మడిచేసే ఎర్ర కారు...

నాన్న గనిలో డంపర్లు బాగుచేసే మెకానిక్. కుర్రతనంలో అలాంటి కారు ఒక్కసారి రోడ్డు మీద చూశాడట. అప్పటి నుంచీ అదే పిచ్చి. ఈ ఎర్ర కారు సంగతి చెప్పింది మా పక్క క్వార్టర్ సత్యం మామ.

"అడుగంతా నేనే చూసినా అన్నా. గట్టిగుంది. అమ్మేటోడెవరో నాకు తెల్వదు గానీ, బండి మంచిది" అన్నాడు. మాతో తనూ వచ్చాడు.

అమ్మేవాడు షెడ్డు తలుపు తీయగానే గుప్పున అత్తరు వాసన... దాని వెనక ఇంకేదో కుళ్లు. కారు మాత్రం కొత్త రంగుతో తళతళలాడుతోంది.

నాన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపు కింది అంచుకి ఆనించాడు. జారి పడింది. ఇంకోచోట పెట్టాడు... మళ్లీ జారింది.

"ఇనుమేది? అంతా లప్పమే గదా!" అన్నాడు.

నేను అప్పటికే పక్క సీటెక్కేశాను. కాలి కింద కార్పెట్ తడిగా, మెత్తగా దిగింది. నాన్న దాన్ని పట్టి లాగాడు. ఛీ...! చచ్చిన ఎలుక పిల్లలు, నల్లటి జిగట, లుకలుకలాడే పురుగులు. స్క్రూడ్రైవరుతో గీకితే తుప్పు పెచ్చులుగా రాలి, నా పాదాల కింద షెడ్డు నేల కనిపించింది. దిగి, అక్కడే వాంతి చేసుకున్నాను.

అమ్మేవాడు కంగారుగా సత్యం మామ వైపు తిరిగాడు. "ఏంది బావా! ఈయన కార్పెట్ ఎత్తడంటివి గదా!"

బావా...?

సత్యం మామ మొహం పాలిపోయింది. "మా ఇంటామె తమ్ముడన్నా... ఎట్లనో ఈ బండి వదిలించుకుంటే చాలనుకున్నా" అని గొణిగాడు.

నాన్న అరవలేదు. "ఘాట్ రోడ్డు మీద నా బిడ్డ ఈ సీట్లనే కూసుంటదని నీకు ఎరుకే గదరా" అన్నాడంతే.

బయట చేతిపంపు దగ్గర నా కాళ్లు కడిగి, తన చేతులు తోమి తోమి కడుక్కున్నాడు. సత్యం మామ పంపు కొట్టబోతే, "ఆ చెయ్యి తియ్యి" అన్నాడు. అంత అసహ్యం నాన్న మొహంలో ఎన్నడూ చూడలేదు.

తర్వాత పండక్కి వాళ్లింటి నుంచి అరిసెల డబ్బా వస్తే, అమ్మ మూత కూడా తీయకుండా తిప్పి పంపేసింది. నాన్న మళ్లీ ఏ కారూ చూడలేదు.

ఇప్పుడు కారు కొనాలంటే ఫోన్లో వంద ఫొటోలు, చెక్ చేసి రిపోర్టిచ్చే ముక్కూమొహం తెలియని మనుషులు... అప్పట్లో పక్కింటాయన మాట చాలనుకునేవాళ్లం. ఆ రోజులు పోయాయని అందరూ బాధపడతారు. మా ఇంట్లో ఎవరి చేతిలో పోయాయో నాకు తెలుసు...

మీ ఇంట్లో?