జడలోడికి మా జేజి ఆకుపూజ

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం టీవీలో కుస్తీ మొదలైందంటే చాలు, మా జేజి చేటలో వేరుశనక్కాయలు పోసుకుని ముందు వరసలో కూర్చునేది. జేజి అంటే మా నాయనమ్మ. విత్తనానికి కాయలు ఒలిచే రోజులవి. యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గానీ, విత్తనం మాత్రం సిద్ధంగా ఉండాలి.

టీవీలో అరిచేదంతా ఇంగ్లీషు. జేజికి ఒక్క ముక్క తెలియదు, నాకూ అంతంత మాత్రమే. అందుకే పేర్లు మేమే పెట్టుకున్నాం. గుండోడు, ఎర్రచెడ్డీవాడు, మూతి తిప్పేవాడు... అందరిలోకీ జేజికి ప్రాణం జడలోడు. భుజాల దాకా జుట్టు, వయసు మళ్లిన మనిషి, కాస్త కుంటుతూ వచ్చేవాడు. వాడు తెర మీదికి రాగానే జేజి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయేది.

"ఈ వయసులో ఆయప్పకేం ఖర్మ పాపా..." అనేది.

అదంతా ఉత్తుత్తి ఆట, ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారని మా నాయన ఎన్నోసార్లు చెప్పాడు.

"గెలిచేది ఉత్తుత్తిదేమో... పడేది ఎట్లయితాదిరా? ఉత్తుత్తి నడుము యాడన్నా ఉంటాదా?" అనేది జేజి.

నాయన కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయేవాడు. మా అబ్బ, అంటే తాత, బావిలో పూడిక తీస్తూ జారిపడి మళ్లీ లేవలేదు. ఆరేళ్లు మంచంలోనే ఉండి చనిపోయాడట. నేను పుట్టకముందు సంగతి.

ఏడాదికొకసారి పెద్ద కుస్తీ జరిగేది. అమెరికాలో దాన్ని దుడ్లు కట్టి చూస్తారని, మనకు మామూలు కేబుల్లోనే వస్తుందని మా పెదనాయన కొడుకు శీనన్న గొప్పగా చెప్పేవాడు. ఆ ఏడు పందెం ఏమిటంటే... జడలోడు ఓడితే ఇంక కుస్తీ మానేసి ఇంటికి వెళ్లిపోవాలి.

వారం ముందు నుంచే జేజికి దిగులు. ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకుంది. స్వామిని నిలువెల్లా తమలపాకులతో అలంకరించే పూజ అది. మా ఊళ్లో పెళ్లి కుదరాలనో, బోరులో నీళ్లు పడాలనో మొక్కుకుంటారు. మా జేజి కుస్తీవాడి కోసం మొక్కుకుంది. ఏమని మొక్కుకుందో నేను అడగలేదు. గెలవాలనే కదా... ఇంకేమని మొక్కుకుంటారు?

శీనన్న తాడిపత్రిలో హాస్టల్లో ఉండి చదివేవాడు. మాకు ఆదివారం మళ్లీ వేసే ఆట హాస్టల్ పిల్లలు ముందే చూసేశారు. శనివారం ఇంటికొచ్చి నా చెవిలో ఊదాడు.

"జడలోడు ఓడిపోయినాడు మే. జేజికి చెప్పొద్దు."

ఇంక నాకు అన్నం సహిస్తే ఒట్టు.

ఆదివారం రానే వచ్చింది. గుండోడు నిచ్చెన మీద నుంచి జడలోడిని తోసేశాడు. వెల్లకిలా పడ్డాడు... కదల్లేదు. జేజి చేట పక్కకు నెట్టి "లెయ్ నాయనా... లెయ్" అంటోంది. నా వల్ల కాలేదు. టీవీ వెనక దుమ్ము తుడుస్తున్నట్టు నటించి కేబుల్ వైరు పీకేశాను.

కేబుల్ పోవడం మాకేం కొత్త కాదు, ఎవరికీ అనుమానం రాలేదు. జేజి ఒక్కతే కదలకుండా కూర్చుంది.

"లేచినాడో లేదో..."

"లేచినాడు జేజీ, గెలిచినాడు గూడా. శీనన్న సూసినాడంట" అన్నాను గడగడా. ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేశాను. అంత గడుసుదాన్ని నేను.

మంగళవారం ఆకుపూజ. పూజారి పేరు, గోత్రం అడిగాడు.

"పేరు జడలోడు సామీ. గోత్రం... మాదే చెప్పు" అంది జేజి.

ఆయన నవ్వకుండా అలాగే చదివాడు. నేను స్వామి వైపు చూడలేక తల దించుకుని నిలబడ్డాను.

తర్వాతి వారం జడలోడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. "గెలిచినోడు యాడికి పోయినాడే?" అని జేజి వారం వారం అడిగేది. నెల తిరిగేసరికి నాకు భయం పట్టుకుంది. ఒకరోజు ఏడుస్తూ చెప్పేశాను.

"ఆయప్ప ఓడిపోయినాడు జేజీ. వైరు నేనే పీకినా."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఓడితే ఓడనీలే. మల్ల లేచినాడా?"

"తెలీదు జేజీ."

"నేను గెలుపుకు మొక్కుకోలేదు పాపా. పడినోడు లేచి, వాని కాళ్ల మింద వాడు ఇంటికి పోతే సాలని మొక్కుకున్యా. అదొక్కటి సూద్దామని కూసుంటే... నువ్వు వైరు పీకితివి."

శీనన్నను అడిగాను. గుండోడు గెలవగానే వాళ్లంతా లేచి మెస్సుకు పోయారట. జడలోడు ఏమయ్యాడో ఎవడూ చూడలేదు.

ఆ తర్వాత జేజి కాయలు వసారాలోనే ఒలుచుకునేది. కుస్తీ పెట్టినా లోపలికి వచ్చేది కాదు. కొన్నేళ్లకు ఆమె పోయింది.

మొన్న ఫోన్లో ఏదో చూస్తుంటే ఆ పాత ఆట కనబడింది. అప్పట్లో వైరు పీకితే ఆట పోయేది... ఇప్పుడు ఏ ఆటా పోదు, ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. పక్కన కూర్చుని చూసే మనుషులే లేరు. గుండోడు గెలిచిన బెల్టు ఎత్తుకుని వెళ్లిపోయాడు. జడలోడు చాలాసేపు అలాగే పడి ఉన్నాడు. నాకు తెలియకుండానే "లెయ్ నాయనా" అన్నాను. ముందు మోకాలి మీదికి వచ్చాడు, తర్వాత తాడు పట్టుకున్నాడు...

మీ ఇళ్లల్లో ఇలా ఎవరి కోసం ఎవరు మొక్కుకున్నారో రాయండి. నాలాగా వైరు పీకినవాళ్లుంటే వాళ్లూ రాయండి, సిగ్గుపడొద్దు. నాది మాత్రం ఇంత కాలానికి చెప్పే ఒక్క మాట...

లేచినాడు జేజీ. కుంటుకుంటా అయినా, ఆయప్ప కాళ్ల మిందనే పోయినాడు.