ఆదివారం మోగిన సైరన్

మా చెల్లెలి కూతుర్ని పెంచింది నేను కాదు. ఆ ఒక్క మాట చెప్పకుండా ఊరుకున్నందుకు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్లంతా నన్ను మంచివాడనుకున్నారు. చెల్లెలికి విశ్వాసం లేదనుకున్నారు.

భర్త వదిలేశాక అది చంటిపిల్లతో నా క్వార్టర్‌కే వచ్చింది. నాన్న పోయాక రైల్వే వర్క్‌షాప్‌లో ఆయన ఉద్యోగం నాకిచ్చారు, దాంతోపాటే ఈ క్వార్టరూ. అది పుట్టి పెరిగిన ఇల్లే. నెల తిరక్కుండానే, "మీ వదినకి ఇబ్బందిగా ఉందమ్మా" అని పంపేశాను. నా భార్య అలాంటి మాట అనలేదు. పాత చీరలతో పిల్లకి బొంత కూడా కుట్టింది. ఇబ్బంది నాకే. బావ ఏడని వర్క్‌షాప్‌లో అందరూ అడుగుతుంటే తలెత్తలేకపోయాను.

చెల్లెలు ఊళ్లోనే సుభాష్‌పల్లిలో ఒక బెంగాలీ ముసలావిడ ఇంట్లో గది తీసుకుంది. ఇండస్ట్రియల్ పార్కులో ప్యాకింగ్ పనికి వెళ్లేది. పిల్లని ఆ ముసలావిడే చూసేది. గది అద్దె, పిల్ల ఖర్చు నేనే పెడుతున్నానని మావాళ్లు అనుకున్నారు, నేను కాదనలేదు.

పిల్లకి చెవులు కుట్టించడానికి ఒక ఆదివారం ముహూర్తం పెట్టుకుని నాకు కబురు చేసింది. మాలో అప్పుడు పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి. నలుగురి ముందు ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాడు ఆ తర్వాత పిల్లకి జ్వరమన్నా, బడి అన్నా నాకేం సంబంధం అనలేడు. నా భయమంతా అదే. సైకిలు మీద వాళ్ల సందు మొదటిదాకా వెళ్లి, గుమ్మం ముందు వచ్చినవాళ్ల చెప్పులు చూసి వెనక్కి తిరిగాను. దారిలో ఫోన్ చేసి, "ఓవర్‌టైం వేసినారమ్మా" అన్నాను.

వర్క్‌షాప్ సైరన్ విని లేచే ఊరు మాది. ఆదివారం అది మోగదు, పనీ ఉండదు. ఆ రోజూ మోగలేదు. చెల్లెలు "సరే అన్నయ్యా" అని మాత్రం అంది. పిల్ల ముసలావిడ ఒళ్లో కూర్చుని చెవులు కుట్టించుకుంది.

తర్వాత చెల్లెలు కథలు రాస్తూ రాస్తూ హైదరాబాద్ చేరింది. ఒంటరిగా పిల్లని పెంచుకున్న తన బతుకునే నవ్విస్తూ, మధ్యమధ్య ఏడిపిస్తూ టీవీ సీరియల్‌గా తీసింది. అందులో తల్లీకూతుళ్లు మామ క్వార్టర్‌లోనే ఉంటారు. చెవులు కుట్టే ఆదివారం, పని దిగే సైరన్ మోగగానే మామ గ్రీజు చేతులతో పరుగెత్తుకొస్తాడు. కొత్త గౌనంతా మరకలు. సూది దిగగానే పిల్ల మామ వేలు కొరుకుతుంది.

"ఆదివారం సైరనేటి? హైదరాబాదోళ్లకేటి తెలుస్తాది," అని మా వర్క్‌షాప్‌లో నవ్వుకున్నారు. "ఏటి బావా, టీవీలో ఎక్కీసినావు, టీ తాగించవా?" అన్నాడొకడు. తాగించాను. చెల్లెలు ఈ ఊరి పిల్ల. ఆ సైరన్ తెలియక మోగించలేదు. నా అబద్ధాన్ని నిజం చేయడానికి మోగించింది. అది తెలిసి కూడా టీ తాగించాను.

మొన్న తల్లీకూతుళ్లు ఊరు చూడ్డానికి వచ్చారు. పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. వాళ్లొచ్చారని తెలిసి పక్క క్వార్టర్ పిన్ని మా ఇంటికొచ్చి కూర్చుంది.

"అమ్మీ, కడుపులో పెట్టుకుని సాకినాడు మీ అన్న. ఆడ్ని పట్టుకుని బఫూన్ని సేసినావేటి?" అంది.

"కథ కదా పిన్నీ," అని చెల్లెలు నవ్వింది.

"కతైతే? ఆడే లేకపోతే నువ్వూ నీ పిల్లా ఏటైపోదురు?"

చెల్లెలు పిన్నికి టీ అందించింది. తర్వాత, "నిజమే పిన్నీ," అంది. పిల్ల తల్లి వైపు చూసి, టీ కప్పు కింద పెట్టేసింది. తల్లి అంత మాట ఒప్పుకోవడం దానికి నచ్చలేదు. ఇంకా ఊరుకుంటే నేను మనిషిని కాదనిపించింది.

"నాను సాకలేదు పిన్నీ," అన్నాను. "ఇంట్లోంచి పంపీసినాను."

"ఏటిరా, తాగొచ్చినావేటి?"

"లేదు. ఆదివారం డ్యూటీ అని అబద్ధం సెప్పినాను. ఇబ్బందని మీ కోడలు పేరు సెప్పి పంపీసినాను."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. నా భార్య గుమ్మంలోకి వచ్చింది. "నా పేరు సెప్పినారా?" అంది. ఇన్నేళ్లుగా చెల్లెలు తనతో ముభావంగా ఎందుకుందో ఆమెకి అప్పుడు అర్థమైంది. అవునని తలూపాను.

"ఇప్పుడెందుకన్నయ్యా అవన్నీ," అంది చెల్లెలు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును.

పిల్ల ముందుకెళ్లి నిలబడ్డాను.

"అమ్మా, మీ అమ్మ ఎంత మంచిగా రాసినా ఆ మామ నాను కాదు. నీ బారం నా మీద పడిపోతాదేమోనని బయమేసి తప్పుకున్నాను. నీకూ, మీ అమ్మకీ, మీ అత్తకీ అన్యాయం సేసినాను. నన్ను మన్నించమ్మా."