పాలవాళ్ళ హ్యాండిల్

1996 వేసవిలో నన్ను హనుమాన్ జంక్షన్‌కి కాస్త లోపలగా ఉన్న ఒక ఊరి పశువైద్యశాలకి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరు చివర సర్జన్ అని గొప్పగా ఉన్నా మా శాఖలో డాక్టర్లకి అదే మొదటి మెట్టు. మా పైన అసిస్టెంట్ డైరెక్టరు, అందరి నోటా ఏడీ గారు. కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. ఊరివాళ్ళకి మాత్రం నేనే పెద్ద డాక్టర్ని, ఆ మర్యాద నాకు బాగానే రుచించేది. నా భార్య బెజవాడలో టీచరు కాబట్టి కాపురం అక్కడే పెట్టి, రోజూ హైవే మీద మోటార్ సైకిల్ మీద వెళ్ళొచ్చేవాణ్ణి.

ఆ బండి మా బావమరిది దగ్గర తీసుకున్నది. అతను పెళ్ళికి ముందు సరదాపడి దానికి పొట్టిగా, తిన్నగా ఉండే హ్యాండిల్ వేయించాడు. దాన్ని అందుకోవాలంటే ముందుకి వంగి, ఒంటి బరువంతా అరచేతుల మీద మోపాలి. మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగి ఉండేది. నలభై దాటిన మనిషికి అదేం సుఖం కాదు. కానీ దాని మీద వెళ్తుంటే హుందాగా ఉన్నానని నా నమ్మకం. బందరు రోడ్డులో షాపుల అద్దాల్లో నన్ను నేను ఓరగా చూసుకునేవాణ్ణి కూడా.

వర్షాలు మొదలయ్యేసరికి కుడిచేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఆస్పత్రికి చేరాక కొంతసేపటికి తగ్గేది. తర్వాత్తర్వాత తగ్గడానికి ఎక్కువసేపు పట్టింది, మిగతా వేళ్ళకీ పాకింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా తడుముకోవలసి వచ్చేది.

ఇంకో ఉద్యోగంలో అయితే ఇది పెద్ద విషయం కాదేమో. మా పనిలో వేళ్ళే కళ్ళు. గేదెకి కృత్రిమ గర్భధారణ చేశాక, రెండు మూడు నెలలకి చూడి కట్టిందో లేదో పరీక్ష చేస్తాం. ఆ రోజుల్లో పల్లెల్లో దానికి యంత్రాలు లేవు. మోచెయ్యి దాటేవరకు గ్లవ్ తొడుక్కుని, మలద్వారం గుండా చెయ్యి పోనిచ్చి, పేగు గోడ మీదుగా గర్భాశయాన్ని తడిమి చూడాలి. అది రెండు పాయలుగా ఉంటుంది. కట్టిన మొదట్లో ఒక పాయ రెండోదాని కంటే కాస్త ఉబ్బి, లోపల నీళ్ళున్నట్టు మెత్తగా తగులుతుంది. ఆ కాస్త తేడా పట్టుకోవడమే విద్య. నాకు కుడిచేతి వాటం, ఎడమ చేత్తో చూడడం ఎప్పుడూ సాధన చెయ్యలేదు.

భయపడి రహస్యంగా షుగరు పరీక్ష చేయించుకున్నాను, లేదన్నారు. బెజవాడలో ఒక ఎముకల డాక్టరుగారికి చూపిస్తే ఆయన నన్ను రోడ్డు మీదికి తీసుకొచ్చి, నా బండి మీదే కూర్చోమన్నారు. ఒక్కసారి చూసి, అరచేతిలో నరం నలిగిపోతోంది, హ్యాండిల్ ఎత్తు చేయించి దగ్గరికి జరపండి, మణికట్టు తిన్నగా ఉండాలి అన్నారు. మందు కూడా రాయలేదు.

మర్నాడు జంక్షన్‌లో మెకానిక్ ఖాదర్ దగ్గర ఆపాను. అతను ఒక వెడల్పాటి, ఎత్తు హ్యాండిల్ తీసి చూపించాడు. ఆ చుట్టుపక్కల అలాంటిది పాలవాళ్ళు వేయించుకునేవాళ్ళు. వెనక రెండు పక్కలా క్యాన్లు వేలాడుతుంటే బండి అదుపులో ఉండాలని.

"అది పాలవాళ్ళ హ్యాండిల్ కదయ్యా" అన్నాను.

"అవును సార్. హాయిగా ఉంటది" అన్నాడు ఖాదర్.

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఆలోచించడానికేమీ లేదు. డాక్టరు పాలవాడిలా కనబడకూడదు, అంతే నా బాధ.

ఆ నెలలో మా ఆస్పత్రి ఆవరణలో పశువైద్య శిబిరం పెట్టారు. ఏడీ గారు జీపులో వచ్చి, సర్పంచి పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను బండి దిగీ దిగగానే వెంకటరత్నం గేదెతో ఎదురొచ్చాడు. అతను ఆ ఊళ్ళో మగ్గం నేసేవాడు. వానాకాలం మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చి నేత ఆగిపోతే ఇంటికి ఆధారం పాడే. అంతకుముందు అతనికి రెండు గేదెలుండేవి. వాటిలో ఒకటి చూడి కట్టలేదని పోయిన నెల నేనే చెప్పాను. వట్టి గేదెని మేపలేక దాన్ని అమ్మేశాడు. కొన్న బేరగాడే ఇవాళ రెండోదాని కోసం గేటు దగ్గర బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. అతనికి అమ్మిన గేదె మళ్ళీ పాడికి రాదని, కబేళాకే పోతుందని అందరికీ తెలుసు.

"కట్టిందో లేదో ఈ పూటే చెప్పాలండీ డాక్టరుగారూ. కట్టకపోతే ఆయనతో తోలేస్తాను" అన్నాడు వెంకటరత్నం.

గ్లవ్ తొడుక్కుని చెయ్యి పెట్టాను. వేళ్ళు నావి కావు. వెచ్చదనం ఒక్కటే తెలుస్తోంది. ఏ పాయ ఎక్కడుందో, ఏది లావో, ఏమీ అందడం లేదు. వెతికినకొద్దీ చెమటలు పట్టాయి.

"ఏం లేదు కదండీ?" అని బేరగాడు గేటు దగ్గర్నుంచే అడిగాడు.

లేదు అనడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. చేతికి ఏమీ తగలడం లేదు కాబట్టి అది అబద్ధం కూడా అనిపించలేదు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెంకటరత్నం గేదె మెడ నిమురుతూ నా మొహంలోకి చూస్తున్నాడు. చెయ్యి బయటికి తీసేశాను.

"నాకు తెలియడం లేదు. నా వేళ్ళకి స్పర్శ లేదు" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. కాంపౌండరు నేల చూపులు చూశాడు. సర్పంచి ముందు, ఏడీ గారి ముందు, నా అటెండరు ముందు ఆ మాట అన్నాక తల ఎత్తలేకపోయాను. ఏడీ గారు లేచి, గడియారం విప్పి సర్పంచి చేతికిచ్చి, గ్లవ్ తొడుక్కున్నారు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా తడిమారు.

"కట్టిందయ్యా. బాగా జాగ్రత్తగా చూసుకో" అన్నారు.

బేరగాడు బీడీ పారేసి వెళ్ళిపోయాడు. వెంకటరత్నం దణ్ణం పెట్టాడు, ఏడీ గారికీ, అలవాటు కొద్దీ నాకూ. గేదెని మళ్ళించి రెండడుగులు వేసి ఆగాడు.

"పోయిన నెల పెద్దదాన్ని చూశారు కదండీ. అప్పుడు వేళ్ళు బాగానే ఉన్నాయాండీ?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. నేను గ్లవ్ విప్పడంలో పడ్డాను. అతను తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అంత సిగ్గు నేను నా సర్వీసులో ఇంకెప్పుడూ పడలేదు. తర్వాత ఏడీ గారు పక్కకి పిలిచి చీవాట్లు పెట్టారు గానీ, అవి నాకు పెద్దగా తగల్లేదు.

ఆ సాయంత్రమే ఖాదర్ దగ్గరికి వెళ్ళాను. ఎత్తు హ్యాండిల్‌కి పాత క్లచ్ వైరూ, యాక్సిలరేటర్ వైరూ చాలవు. అలాగే బిగిస్తే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వైరు లాగి ఇంజను దానంతటదే రేగుతుంది. పొడుగువి వేయించాం. బోల్టులు పూర్తిగా బిగించకముందు నన్ను కూర్చోబెట్టి, ఒకటికి రెండుసార్లు ముందుకీ వెనక్కీ వంచి చూశాడు. ముంజేయి, మణికట్టు ఒకే గీతలోకి వచ్చాక బిగించాడు. బ్రేకు, క్లచ్ పిడులు కూడా వేళ్ళు చాస్తే అందేలా కిందికి దించాడు.

తిమ్మిరి పూర్తిగా పోవడానికి చాలాకాలం పట్టింది. అందాకా చూడి పరీక్షలన్నీ పక్క మండలం డాక్టరుగారికి పంపాను. ఒకరోజు ఏలూరు కాలవ గట్టు మీద ఒకావిడ గిన్నె పట్టుకుని నా బండికి అడ్డం వచ్చి పాలున్నాయా అని అడిగింది. లేవమ్మా అని చెప్పి వచ్చాను. అంతకుముందైతే ఆ రోజంతా కుమిలిపోయేవాణ్ణి.

వెంకటరత్నం గేదె ఈనింది. దూడని చూడమని పిలిస్తే వెళ్ళాను. దొడ్లో రెండో గుంజ ఖాళీగా ఉంది.

చేతికి ఏమీ తగలనప్పుడు లోపల ఏమీ లేదని అనుకోకూడదు, ముందు చేతిని అనుమానించాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదీ. తర్వాతి రోజుల్లో నా దగ్గర కొత్తగా చేరిన డాక్టర్లు ఎవరైనా చూడి పరీక్ష నేర్పమంటే, వాళ్ళని ముందు గేదె దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి కాదు. బయటికి నడిపించి, ఏదీ, నీ బండెక్కి కూర్చో అనేవాణ్ణి.