మూడో పీరియడ్

హైమావతి రోజూ ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒక సుద్దముక్కను కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటుంది. పందొమ్మిదేళ్ల అలవాటు. జిన్నారం దగ్గరి ఆ హైస్కూల్లో లెక్కలు చెప్పేది ఆమె ఒక్కతే. మూడేళ్ల కింద హెడ్‌మాస్టరు రిటైరైతే కొత్తవారిని వేయలేదు. సీనియరని ఆ కుర్చీ కూడా ఆమెకే ఇన్‌చార్జిగా అప్పజెప్పారు.

పదో తరగతికి లెక్కలు మూడో పీరియడ్. మధ్యాహ్న భోజనానికి ఎందరున్నారో ఫోన్లో పంపాల్సిందీ, మండలాఫీసు నుంచి ఫోన్లు మోగేదీ సరిగ్గా అప్పుడే. ఒకరోజు బోర్డు మీద సగం లెక్క వదిలేసి వెళ్తూ సుద్దముక్కను ముందు బెంచీలోని హుస్నా చేతిలో పెట్టింది. రోడ్డు మీది పంక్చర్ దుకాణం బషీర్ కూతురు. పదో తరగతి మార్కులను బట్టి ఇచ్చే బాసర ట్రిపుల్ ఐటీ సీటు మీదే ఆ పిల్ల ప్రాణమంతా.

"జెర చెప్తుండు బిడ్డా, ఇప్పుడే వస్త."

ఆ 'ఇప్పుడే' డిసెంబరు దాకా సాగింది.

"హుస్నా మేడం, ఇయ్యాల హోంవర్క్ ఇస్తే మీ అబ్బకు చెప్త!" అని వెనక బెంచీ నిషిత ఏడిపించేది.

"చెప్పుపో. ముందుగాల ఎక్కాలు ఒప్పజెప్పు."

వెనకబడినవాళ్లకు పాత పాఠాలే తిప్పితిప్పి చెప్పింది హుస్నా. త్రికోణమితి ఎట్లా చెబుతుంది? అది ఆమెకే ఎవరూ చెప్పలేదు.

హైమావతి మండలాఫీసుకు వెళ్లి విద్యాధికారిని బతిమాలింది. "సార్, ఈ ఇన్‌చార్జి నాకొద్దు. నన్ను క్లాసుకు పోనియ్యుండ్రి."

"మీకన్న సీనియర్ ఎవలున్నరు మేడం? బడి మంచిగనే నడుస్తుంది గద!"

జనవరిలో పొద్దున ఏడున్నరకే క్లాసు పెట్టింది. రెండు రోజులు జరిగింది. మూడో రోజు నుంచి సంగారెడ్డిలో ఆమెకు ట్రైనింగు.

ఫలితాల్లో అందరూ పాసయ్యారు. హైమావతికి శాలువా కప్పారు. హుస్నాకు లెక్కల్లో అరవై ఎనిమిది. బాసర జాబితాలో పేరు రాలేదు.

హైమావతి దుకాణం ముందు ఆగితే బషీర్ స్టూలు తుడిచి వేశాడు. "పరేషాన్ గాకుండ్రి మేడం. అందర్ని పాస్ జేసిండ్రు. మా నసీబే గట్లుంది."

హుస్నా ఛాయ్ తెచ్చి ఇచ్చింది. "మేడం, త్రికోణమితి మస్తు కష్టమా?"

హైమావతి గ్లాసు కింద పెట్టింది. "కాదు బిడ్డా. పది రోజుల పని."

ఈ ఏడు కూడా ఆమె ఇన్‌చార్జే. మూడో పీరియడ్‌లో సుద్దముక్క రుచిత అనే పిల్ల చేతిలో ఉంటోంది.