వెల్డింగక్క, బొగ్గువీరుడి సినిమా

లారీలకు బాడీలు కట్టే షెడ్డులో ఆమెను అందరూ వెల్డింగక్క అనే పిలుస్తారు. నలభై నాలుగేళ్ళ మనిషి. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు, మాట పెళుసు. ఆమెకున్న పిచ్చి ఒక్కటే, బొగ్గువీరుడు.

గని కూలినప్పుడు బొగ్గులో కూరుకుపోయి, నల్లటి రాయిలాంటి ఒంటితో పైకి లేచిన ఒక కార్మికుడి కథ అది. ఒకప్పుడు నెలకో కామిక్స్ పుస్తకం వచ్చేది. తండ్రి తాగొచ్చి తల్లిని గోడకేసి బాదుతుంటే, ఆమె తమ్ముణ్ణి మంచం కిందికి లాక్కుని ఆ పుస్తకాలే వాడి చెవిలో చదివేది. బొగ్గువీరుడు దవడలు పగలగొట్టేవాడు, పక్కటెముకలు విరిచేవాడు. కింద పడ్డవాణ్ణి మాత్రం కొట్టేవాడు కాదు.

ఆమెకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం తండ్రి, తల్లి జుట్టు పట్టుకుని తలను గడపకేసి కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె తలుపుకు అడ్డంగా పెట్టే ఇనుప కడ్డీ తీసి అతని మోకాలి మీద వేసింది. ఎముక విరిగింది. అతను అరుస్తూ కూలబడ్డాడు. కడ్డీ మళ్ళీ ఎత్తింది. అతని తల సరిగ్గా ఎదురుగా ఉంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. కాలు అతుక్కున్నాక తండ్రి ఇల్లు వదిలి పోయాడు, మళ్ళీ రాలేదు. "నన్ను జైలుకు పోకుండా ఆపింది బొగ్గువీరుడేరా" అని తమ్ముడితో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు పాత పుస్తకాల కొట్టు వెనక గదిలో బొగ్గువీరుడి అభిమానులు ఓ పదిమంది కలుస్తారు. సినిమా తీస్తున్నారని తెలిసిన రోజు నుంచీ ఆ గదిలో అనుమానాలే. ట్రైలర్ వచ్చిన ఆదివారం అందరూ ఒకే ఫోన్ మీదికి వంగారు.

"బొగ్గులా లేడు, బూటు పాలిష్ పూసుకున్నట్టున్నాడు" అన్నాడు లెక్కల టీచరు.

అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే చివరి షాటు వచ్చింది. నేల మీద పాకుతున్న ఒకడి మెడ మీద బొగ్గువీరుడు కాలు పెట్టి తొక్కాడు. మెడ పుటుక్కుమంది.

వెల్డింగక్క ముఖం మాడిపోయింది. "వీడియో తియ్యి, నేను మాట్లాడతాను" అంది టీచరుతో.

"ఈ సినిమా తీసినవాళ్ళు ఒక్క పుస్తకమైనా తెరిచి చూశారా?" అంది కెమెరాలోకి. "పడ్డవాడి మెడ తొక్కేవాడు బొగ్గువీరుడు కాదు, మా నాన్న. అలాంటివాణ్ణి చూడటానికి నేను థియేటర్‌కు పోవాలా? ఆ హీరోకి కండలున్నాయి, సిగ్గు లేదు."

చివరి మాట హీరో అభిమానులకు కారం రాసినట్టయింది. రెండు రోజుల్లో ఆ వీడియో ఊరంతా తిరిగింది. నాలుక కోస్తామని ఒకడు, చేతులు నరుకుతామని ఇంకొకడు రాశారు. వెల్డింగక్క చదివి, "ముందు అక్షరాలు తప్పుల్లేకుండా రాయమను" అని ఫోన్ పక్కన పడేసింది.

సినిమా విడుదల రోజు పొద్దున పదింటికి ముగ్గురు షెడ్డులోకి వచ్చారు. ముందున్నవాడు జిమ్ము కోచ్, హీరో అభిమాన సంఘానికి నాయకుడు. ఆమె ముఖానికి తొడుగు వేసుకుని లారీ బాడీ లోపల వంగి వెల్డింగ్ చేస్తోంది. ఆ చప్పుడులో అడుగులు వినపడలేదు. బైకు గొలుసు వెనక నుంచి ఎడమ చెవి మీద పడింది. చెవి చీలి, నెత్తురు మెడ మీదుగా జాకెట్‌లోకి కారింది.

తిరగడం తిరగడమే చేతిలో మండుతున్న రాడ్డును గొలుసువాడి తొడకు ఆనించింది. ప్యాంటు కాలి, చర్మం కమిలిన వాసన వచ్చింది. వాడు కుంటుతూ పరుగు తీశాడు. రెండోవాడు కర్ర ఎత్తేలోపు, పక్క లారీకి రంగు వేస్తున్న పెయింటరు మామ రంగు చిమ్మే తుపాకీని వాడి కళ్ళ మీదికి తిప్పాడు. ముఖమంతా ఎర్రగా, ఏది రంగో ఏది నెత్తురో తెలియకుండా, వాడు గోడకు గుద్దుకుని పడ్డాడు.

కోచ్ ఆమె జుట్టు పట్టుకుని తలను లారీ చట్రానికేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. మూడోసారికి ఆమె చేతికి సుత్తి తగిలింది, వెల్డు మీద పెచ్చు రాల్చే మొన సుత్తి. వాడి మోకాలి మీద వేసింది. పడ్డాడు. "వద్దు, వద్దు" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ చేతి మీదే కొట్టింది. మణికట్టు విరిగింది. మళ్ళీ కొట్టింది. ఇంకోసారి ఎత్తేసరికి పెయింటరు మామ వెనక నుంచి రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు.

"చాలమ్మా! వాడు పడిపోయాడు, చూడు!"

అప్పుడు చూసింది. సుత్తి దానంతటదే జారిపోయింది.

పోలీసులు రెండు వైపులవాళ్ళ మీదా కేసులు రాశారు. ఇంటికొచ్చాక తలకు కట్టుతో మంచం మీద కూర్చుని, "అప్పుడు ఆగాను గదమ్మా. ఇప్పుడెందుకు ఆగలేకపోయాను?" అని అడిగింది తల్లిని.

తల్లి మందు సీసా మూత తీసింది. "ఆ రోజు నువ్వు ఆగినందుకు నాకు ఏళ్ళ తరబడి నీ మీద కోపంగా ఉండేదే. వాణ్ణి చంపేసి ఉంటే బాగుండుననుకునేదాన్ని" అంది. కూతురు బిత్తరపోయి చూసింది. "అటు తిరుగు, చెవికి మందు వెయ్యాలి."

మూడో రోజు తమ్ముణ్ణి తోడు తీసుకుని మ్యాట్నీకి వెళ్ళింది. మెడ తొక్కే సీను రాగానే హాలంతా ఈలలు. తన పిడికిలి బిగుసుకుని ఉండటం ఆమె గమనించింది. విప్పడానికి కాస్త సమయం పట్టింది. తర్వాతి సీను ట్రైలర్‌లో లేదు. బొగ్గువీరుడు ఆ శవాన్ని భుజాన వేసుకుని చచ్చినవాడి ఇంటికి మోసుకెళ్ళాడు. తలుపు తీసింది వాడి కూతురు. బొగ్గువీరుడు శవాన్ని దించి, ఆ పిల్ల ముందు తల ఎత్తలేక నిలబడ్డాడు. ఈలలు ఆగిపోయాయి.

"పుస్తకం చదివినవాడే తీశాడక్కా" అన్నాడు తమ్ముడు మెల్లగా.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. ఇంటర్వెల్ తర్వాత బొగ్గువీరుడు మబ్బుల్లో ఎగురుతూ డ్యూయెట్ పాడితే మాత్రం, "ఖర్మ" అంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళింది. కోచ్ మంచం మీద చేతికీ కాలికీ పిండికట్లతో ఉన్నాడు. ఆమెను చూడగానే గోడ వైపు జరిగాడు.

"ఎందుకొచ్చారు? రెండో చెయ్యి మిగిలిందనా?"

"సినిమా చూశాను."

"కథ చెప్పకండి! నేనింకా చూడలేదు."

ఆమె నిర్ఘాంతపోయింది. "చూడకుండానే నన్ను చంపడానికొచ్చావా?"

"మీరు చూశాకే తిట్టారా?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "మోకాలి మీద కొట్టింది నీకు పడాల్సిందే. దానికి క్షమించమని అడగను. పడ్డాక చేతి మీద కొట్టిన రెండూ నా తప్పు. అది చెప్పిపోదామని వచ్చాను."

"ఈ చెయ్యి ఇక సగమే తిరుగుతుందట" అన్నాడు వాడు గోడను చూస్తూ. "బరువులెత్తలేను."

"ఏమిటీ? కుడి వైపు నుంచి చెప్పు. ఎడమ చెవి పోయింది."

వాడు తల తిప్పి ఆమె కట్టు వైపు చూశాడు. గొలుసు తెచ్చింది తనేనని మాత్రం అన్నాడు.

ఆదివారం గదిలో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఆత్మరక్షణ కోసమే గదా కొట్టారు" అన్నాడు టీచరు.

"మోకాలి మీది దెబ్బ వరకే" అంది. సినిమాలో ఆ సీను బాగుందని ఇంకో వీడియో పెట్టించింది. అటు హీరో అభిమానులూ తిట్టారు, ఇటు కామిక్స్ వాళ్ళూ తిట్టారు. వారం గడిచాక షెడ్డుకు వెళ్ళి, సగంలో ఆగిన లారీ బాడీ పూర్తి చేసింది. ఎవరు పిలిచినా ఎటు నుంచో తెలియక ఒళ్ళంతా తిప్పి చూడటం అలవాటైంది.

కేసులు ఆర్నెల్లకు రాజీతో ముగిశాయి. కోచ్ శిక్షణ మానేసి అదే జిమ్ములో వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకునే పనికి మారాడు, ఎడమ చేత్తో. సినిమా ఫోన్‌లోకి వచ్చినప్పుడు చూశాడట. ఆ సాయంత్రం వెల్డింగక్కకు ఒక మెసేజ్ వచ్చింది: "రెండో సగం చెత్త."

"పాటలు మరీనూ" అని జవాబు పెట్టింది. వాళ్ళిద్దరి మధ్య మాటలు అంతటితో సరి.